స్ప్రింక్లర్ ఆగాక ఆకు మీద మిగిలిన నీళ్లెన్ని? పల్లి చేలో నా కొలతల అనుభవం

వేరుశనగ ఆకుల మీద నుంచి ఆవిరైపోయే స్ప్రింక్లర్ నీటిని కొలవడం నా ఎం.టెక్ థీసిస్. 2024 జూన్‌లో వైవా అయిపోయింది. ఆ తర్వాత జూనియర్లు ఫోన్ చేసి అడిగేవన్నీ పుస్తకాల్లో దొరకని విషయాలే. ఏ తక్కెడ కొనాలి, ఎంతవుతుంది, ఎన్నింటికి మొదలుపెట్టాలి, కరెంటు పోతే ఏం చేయాలి? అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2023 ఆగస్టులో సినాప్సిస్ పెట్టాను. ఆకు ఎంత నీటిని పట్టి ఉంచుతుందో, అందులో ఎంత గాలిలో కలుస్తుందో కొలుస్తానని రాశాను. కమిటీలో ఒక సారు కాగితం పక్కన పెట్టి అడిగారు: "ఆకు తడిగా ఉన్నంతసేపు ఆవిరైన నీళ్లు నష్టం అంటున్నావు, బానే ఉంది. అదే ఆకు పొడిగా ఉంటే మొక్క ఊరుకుంటుందా? వేర్లతో పీల్చి అదే ఆకు నుంచి వదిలేది కదమ్మా. ఆ నీళ్లు నేలలో మిగిలిపోయాయి. వాటిని ఏ ఖాతాలో వేస్తావు?"

నా పని మొత్తం ఈ ప్రశ్న చుట్టే తిరిగింది. తడి ఆకు నుంచి పోయిందంతా నష్టం కాదు. అందులోంచి, ఆ సమయంలోనే పొడి మొక్క బాష్పోత్సేకంలో ఎంత వదిలేదో అది తీసేయాలి. మిగిలిందే అసలు నష్టం. అంటే ఒకే ఎండలో, ఒకే గాలిలో, ఒకే సమయంలో రెండు మొక్కలను కొలవాలి. తడిసినదాన్ని కొలవడం కష్టమని అందరూ అనుకుంటారు. నన్ను ఏడిపించింది మాత్రం పొడిది.

టెక్సాస్‌లోని బుష్‌లాండ్‌లో మొక్కజొన్న మీద ఇదే పని చేసి 1995లో పేపరు వేశారు. కాండానికి గేజీ చుట్టి, లోపల ఎక్కే నీటి వేగం కొలిచారు. పైనుంచి స్ప్రింక్లర్ పడుతున్నంతసేపు ఆ ప్రవాహం సగానికి పైగా పడిపోయింది. అది చదివి నేనూ అలాంటి గేజీల కోసం కొటేషన్ అడిగాను. మూడు వారాల తర్వాత వచ్చింది: నాలుగు గేజీలు, కొలతలు నమోదు చేసే ఒక డేటా లాగర్ కలిపి నాలుగున్నర లక్షలు. సరుకు రావడానికి పదహారు వారాలు. నా పంటకాలమే పదహారు వారాలు! ఆ కాగితం మడిచి పెట్టేశాను. మా గైడ్ మేడం ఒకే మాట అన్నారు: "మొక్కను కుండీతో సహా తూకం వేయి. గ్రాము తేడా తెలిసే తక్కెడ ఉంటే చాలు."

సెప్టెంబరంతా సామాన్లు సమకూర్చుకోవడంతోనే గడిచింది. 30 కిలోల దాకా తూగి, ఒక గ్రాము తేడా చూపించే ఎలక్ట్రానిక్ కాటా 7,800 రూపాయలు. అలాంటిదే రెండోది డిపార్ట్‌మెంట్ ల్యాబ్ నుంచి అరువు తీసుకున్నాను. చేతిలో పట్టుకునే గాలివేగం మీటరు 2,400. వాన కొలిచే డబ్బాలుగా ప్లాస్టిక్ మగ్గులు, ఒక్కోటి 12 రూపాయలు, నలభై. కుండీలకు బోలెడు రకాలు చూసి చివరికి పెయింటర్ల దగ్గర ఖాళీ రంగు డబ్బాలు కొన్నాను. 20 లీటర్ల డబ్బా, ఒక్కోటి 70 రూపాయలు. నిండా మట్టి పోస్తే కాటా దాటిపోతుంది, నా నడుమూ విరుగుతుంది. అందుకని పై అంచు నాలుగు అంగుళాలు కోసేశాం. ఇరవై కిలోల లోపు వచ్చింది. కోసిన చోట వ్యాసం 28 సెంటీమీటర్లు. ఆ లెక్కన ఒక మిల్లీమీటరు నీరంటే డబ్బాకు 62 గ్రాములు. ఈ 62 అనే అంకె అప్పట్నుంచి నాకు ఫోన్ నంబరులా నోటికి వచ్చేసింది.

కాటాకు సర్టిఫికెట్ ఉన్నా నాకు నమ్మకం కుదరలేదు. ఊళ్లో కిరాణా కొట్టులో ముద్రవేసిన ఐదు కిలోల రాళ్లు ఉన్నాయి. కొట్టాయన మొదట వింతగా చూసినా, తర్వాత రోజూ పొద్దున్నే నాలుగు రాళ్లు తెచ్చుకోనిచ్చేవాడు. ఇరవై కిలోలకు కాటా ఆరు గ్రాములు ఎక్కువ చూపించింది. రోజూ అదే ఆరు గ్రాములు కాబట్టి ఇబ్బంది లేదు. తేడాలే కదా నాకు కావాల్సింది.

చేను వనపర్తి జిల్లాలో, ఎర్ర చలక. ఆ ప్రాంతంలో యాసంగి పల్లికి స్ప్రింక్లర్ లేని చేను వెతికినా కనబడదు. మాది నల్గొండ వైపు. అక్కడ వరి, బత్తాయి చూసి పెరిగినదాన్ని కాబట్టి పల్లి చేను నాకూ కొత్తే. రైతును ఊళ్లో అందరూ పెద్దాయన అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను మొదటి రోజుల్లో మేడం అన్నాడు. డబ్బాలు మోస్తూ కాలుజారి పడ్డ రోజు నుంచి బిడ్డా అయింది.

అక్టోబర్ 18న విత్తనం పడింది. కదిరి-6 రకం, సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు పది. ఆ లెక్కకు డబ్బాకు రెండు మొక్కలు వస్తాయి. ఎనిమిది డబ్బాలు దింపాను. ఐదు స్ప్రింక్లర్ కింద తడిసేవి. మూడు పొడిగా ఉండాల్సినవి, గాలి వచ్చే వైపు, చినుకు అందనంత దూరంలో. ప్రతి డబ్బాకూ బయట ఇంకో డబ్బా తొడుగులా నేలలో పాతాలి. అప్పుడే లోపలిదాన్ని పైకి తీసి తూచి మళ్లీ దింపవచ్చు. ఒకే సైజు డబ్బాలు ఒకదాన్లో ఒకటి దిగితే గాలి పట్టేసి ఊడిరావు. కింద ఇటుక ముక్క వేసి, బయటి డబ్బా అడుగున నాలుగు రంధ్రాలు పెట్టాక సరిపోయింది.

ఆ తర్వాత నెలన్నర ఎదురుచూపే. చేను నేల కనబడకుండా కమ్ముకుంటే తప్ప ఆకు మీద నీటి కొలతకు అర్థం లేదు. నవంబరులో రెండుమూడు రోజులకోసారి వెళ్లి డబ్బాలకు నీళ్లు పోసి వచ్చేదాన్ని. ఊరంతా ఎన్నికల సందడి. కూలీలు దొరకడమే గగనం, దొరికితే 500 అడిగేవారు. నవంబర్ 30న పోలింగ్ అయిపోతే పని పరుగెడుతుందనుకున్నాను. డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా దాకా పెద్ద వాన రాలేదు గాని, ఎండ మాత్రం మొహం చాటేసింది. ఎండ లేకుండా ఆవిరి ఏం కొలుస్తాం? హాస్టల్‌లో కూర్చుని ఫోన్‌లో మబ్బుల మ్యాపు చూస్తూ గడిపిన ఆ వారం టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తోటివాళ్లు అప్పటికే రెండో చాప్టర్ రాస్తున్నారు.

ఆ ఖాళీలో మిగతా కొలతలు ముగించాను. మొదటిది నాజిల్ నుంచి నిజంగా ఎంత నీరు వస్తుందో చూడటం. నాజిల్‌కు రబ్బరు పైపు తొడిగి 20 లీటర్ల బకెట్ నింపడమే. మోటరుకు ఓల్టేజీ బాగున్నప్పుడు నలభై సెకన్లు పట్టింది, అంటే సెకనుకు అర లీటరు. స్ప్రింక్లర్లు 12 మీటర్లకొకటి చొప్పున ఉన్నాయి కాబట్టి గంటకు పన్నెండున్నర మిల్లీమీటర్లు. పగలు పదింటికి చుట్టుపక్కల బోర్లన్నీ ఆన్ అయితే అదే బకెట్‌కు యాభై సెకన్లు దాటేది. చినుకు పెద్దదయ్యేది, నీళ్లు దూరం పోయేవి కావు. ఆ రోజుల కొలతలు పక్కన పెట్టాల్సి వచ్చింది. ప్రెషర్ గేజి లేకుండా ఈ పనిలోకి దిగకండి. అప్పట్లో 900 రూపాయలు.

రెండోది మగ్గులు. స్ప్రింక్లర్ల మధ్య గడుల్లా మగ్గులు పెట్టి, గంట తర్వాత ఒక్కోదాన్లో ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో చూడాలి. క్రిస్టియన్‌సన్ 1942లో ఇచ్చిన సమానత లెక్క, అంటే నీరు చేనంతా ఒకేలా పడుతోందో లేదో చెప్పేది, ఇప్పటికీ ఇలాగే కట్టాలి. ఆకుల కింద పెడితే చినుకు అందదు కాబట్టి, మగ్గులు చేను ఎత్తుకు కొయ్యల మీద నిలబడాలి. ఇక్కడ నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నలభై మగ్గులు కొలిచేలోపు మిగిలిన వాటిలో నీళ్లు ఆవిరవుతూ ఉంటాయి. ఆవిరి కొలిచే పనిలో ఆవిరే దొంగ. దానికి మందు నూనె. ప్రతి మగ్గులో ముందే కొంచెం నూనె పోస్తే నీటి మీద పొరలా తేలి కాపలా కాస్తుంది. పెద్దాయన ఇంట్లో ఉన్నది గానుగలో ఆడించిన పల్లినూనె. కిలో మూడు వందలు పలికే నూనెను మగ్గుల్లో పోస్తుంటే ఆయన భార్య గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు పామాయిల్ ప్యాకెట్ తెచ్చుకున్నాను. కొలజాడీలో నూనె పొరకు కింది గీతే చూసి రాసుకోవాలి.

డిసెంబరు రెండో వారానికి చేను కమ్ముకుంది. ఇప్పుడు డబ్బాల్లో మట్టి నుంచి నీరు ఆవిరవకుండా పైన మూత వేయాలి, లేకపోతే తగ్గిన బరువు ఆకుదా మట్టిదా తెలియదు. తెల్ల పాలిథిన్ చీల్చి మొక్క మొదలు చుట్టూ సర్ది, సందుల్లో సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి వ్యాజిలైన్ పూశాను. నీళ్లు పోయడానికి పక్కన చిన్న గొట్టం. పల్లికి మొదట్లోనే కొమ్మలు విడతాయి కాబట్టి ఒక్కో డబ్బాకు అరపూట పట్టింది.

అప్పటికే ఊడలు దిగుతున్నాయి. పాలిథిన్ మీదికి వచ్చిన ఊడ మట్టి కోసం అటూ ఇటూ వంగి, మొన నల్లబడి ఆగిపోయింది. పెద్దాయన వంగి దాన్ని వేలితో కదిపి చూశాడు.

"ఊడ భూమిల దిగకపోతే కాయ ఏడ కడ్తది బిడ్డా?"

"కాయ కోసం కాదు పెద్దాయనా, ఆకు కోసం."

"ఆకు కోసమైతే తోటకూర ఏసుకోకపోయినవ్."

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఎనిమిది డబ్బాల్లో పదహారు మొక్కలే. అయినా గొడ్డుపోతున్న మొక్కను చూడటం ఆయనకు కష్టంగానే ఉండేది.

తర్వాతి తలనొప్పి పాలిథిన్ మీద నిలిచే నీళ్లు. స్ప్రింక్లర్ ఆగాక మూత ముడతల్లో మిగిలిన నీళ్లు ఆకు మీదవాటికంటే ఎక్కువ బరువున్నాయి. మధ్యలో ఇసుక పోసి వాలు చేసి, అంచున గొట్టం పెట్టాక చాలావరకు జారిపోయాయి. మిగిలింది స్పాంజితో అద్దాలి, ఆకు కదలకుండా. పల్లి ఆకు పైభాగం మైనంలా ఉంటుంది. నీరు పరుచుకోదు, గుండ్రటి బొట్లుగా నిలుస్తుంది. నిలిచినా జారిపోదు, ఆకు వంచినా అంటిపెట్టుకునే ఉంటుంది. నాలుగు చిట్టి ఆకులు కలిసే చోట మాత్రం కొంచెం పెద్ద బొట్టు ఊగుతూ ఉంటుంది. డబ్బా ఎత్తగానే రాలేది అదే. ఎత్తి దింపినప్పుడల్లా రెండుమూడు గ్రాములు పోయేవి. నేను వెతుకుతున్న జవాబే పది పదిహేను గ్రాములైతే, ఎత్తడంలోనే మూడు గ్రాములు పోతే ఇక కొలిచేదేముంది?

అందుకని డబ్బాను కాటా దగ్గరికి తేవడం మానేసి, కాటానే డబ్బా కిందికి దింపాం. మోకాలి లోతు గుంట తవ్వి, అడుగున రాతిపలక సమంగా పరిచి, దాని మీద కాటా, దాని మీద డబ్బా. మొక్క పక్క మొక్కలతో సమానమైన ఎత్తులోనే ఉంటుంది. గట్టు మీద పెట్టి తూస్తే గాలి ఎక్కువ తగిలి త్వరగా ఆరిపోతుంది, ఆ లెక్క చేనుకు చెల్లదు. స్ప్రింక్లర్ నడుస్తున్నప్పుడు కాటాకు ప్లాస్టిక్ సంచి తొడిగి, గుంట చుట్టూ గట్టు పోసి, డిస్‌ప్లేను వైరుతో బయటికి లాగాం. తడి మొక్కకు ఒక గుంట, పొడి మొక్కకు ఒక గుంట. మిగతా ఆరు డబ్బాలను మొదట్లో, చివర్లో మాత్రం తూచేదాన్ని, గుంటలోవి అందరికంటే వేరుగా ప్రవర్తించడం లేదని చూసుకోవడానికి.

ఒక పరీక్ష రోజు ఎలా ఉండేదో చెప్తాను. డిసెంబరు చివర్లో ఆ చేలల్లో పొద్దున్నే మంచు కురుస్తుంది. ఎనిమిదింటికి ఆకు ముట్టుకుంటే చేయి తడుస్తుంది. మనం ఒక్క చుక్క పోయకముందే ఆకు తడి! కాబట్టి తొమ్మిదిన్నర దాకా ఏమీ చేయలేం. మంచు ఆరాక గంటసేపు రెండు డబ్బాలనూ పొడిగానే చూడాలి, రెండూ గంటకు దాదాపు సమానంగా తగ్గుతున్నాయని తేలాలి. తేడా వస్తే ఆ నిష్పత్తిని రాసి పెట్టుకోవాలి. పదిన్నరకు మోటరు. గంట తర్వాత ఆపి, స్పాంజి అద్దకం రెండు నిమిషాల్లో ముగించి, అప్పటి నుంచి కాటా మీదే కళ్లు.

కాటా అంకె కుదురుగా ఉండదు. గాలి వీచినప్పుడల్లా మొక్క ఊగి అంకె ఎనిమిది గ్రాములు అటూ ఇటూ ఎగిరేది. చూసి రాసుకోవడం కుదరక, ప్రతి ఐదు నిమిషాలకు ఒక నిమిషం ఫోన్‌లో వీడియో తీశాను. రాత్రి హాస్టల్‌లో ఆ వీడియో ఆపుతూ నడుపుతూ అంకెలు ఎక్కించి సగటు కట్టాలి. చేలో నాలుగు గంటల పనికి గదిలో ఆరు గంటలు. కళ్లు మండిపోయేవి. దీనికి సెన్సరు పెట్టి నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించే దారి ఉంది, ఎలక్ట్రానిక్స్ తెలిసిన స్నేహితులుంటే వాళ్లను పట్టుకోండి. నాకు లేరు.

ఒక మధ్యాహ్నపు లెక్క ఇది. మోటరు ఆపాక తడి డబ్బా మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. నలభై నిమిషాలకు అది తగ్గే వేగం పొడి డబ్బా తగ్గే వేగంతో కలిసిపోయింది. ఆకు ఆరిపోయిందనడానికి అదే గుర్తు. ఆ నలభై నిమిషాల్లో తడి డబ్బా కోల్పోయింది 35 గ్రాములు. అదే సమయంలో పొడి డబ్బా కోల్పోయింది 21. అసలు నష్టం 14 గ్రాములు, అంటే 0.23 మిల్లీమీటర్లు. ఎకరాకు తొమ్మిది వందల లీటర్ల పైచిలుకు. వినడానికి పెద్ద సంఖ్యే గాని, గంటలో పోసింది ఎకరాకు యాభై వేల లీటర్లు. రెండు శాతం కూడా లేదు.

ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సంతోషమో దిగులో తెలియలేదు. ఇంత గొడ్డుచాకిరీ చేస్తే వచ్చింది ఇంతేనా అనిపించింది. మేడంకు ఫోన్ చేస్తే, "చిన్న అంకె రావడం కూడా ఫలితమే. పక్కన మగ్గుల లెక్క పెట్టి చూడు" అన్నారు. పెట్టి చూస్తే, నాజిల్ నుంచి వచ్చిన పన్నెండున్నరలో మగ్గుల దాకా చేరింది గాలి లేని పొద్దుట పదకొండున్నర, గాలి వీచే మధ్యాహ్నం పది చిల్లర. ఆకును చేరకముందే, గాలికి కొట్టుకుపోయి, చినుకులోనే ఆవిరై, మధ్యాహ్నం ఆరో వంతు దాకా పోతోంది. మూడు నెలలుగా నేను ఆకునే దొంగగా చూస్తున్నాను, గాలి పక్కనే దర్జాగా మోసుకుపోతోంది.

అయితే ఆకు లెక్కలో ఒక మెలిక ఉంది. గంట నడిపినా మూడు గంటలు నడిపినా మోటరు ఆగేసరికి ఆకు మీద నిలిచే నీళ్లు ఇంచుమించు అంతే. నిండిన ఆకు మీద పడింది కిందికి జారిపోతుంది. అంటే అది తడిపిన ప్రతిసారీ కట్టే టోల్ లాంటిది. రెండు రోజులకోసారి అరగంట తిప్పేవాళ్లు టోల్ ఎక్కువసార్లు కడతారు. ఎనిమిది పది రోజులకోసారి మూడు గంటలు తిప్పేవాళ్లకు అది లెక్కలోకే రాదు. ఎర్ర చలక ఎక్కువ నీరు పట్టుకోదు కాబట్టి మరీ ఎడం ఇస్తే పంట వాడుతుంది, అది వేరే సంగతి.

సాయంత్రపు పరీక్షలు నేను అనుకున్నదానికి భిన్నంగా వచ్చాయి. ఎండ లేదు, గాలి తక్కువ, ఆకు ఆరడానికి గంటన్నర పైనే పట్టింది. అదే సమయంలో పొడి మొక్క కూడా దాదాపు ఏమీ వదలలేదు. కాబట్టి తీసేయడానికి ఏమీ మిగలక, ఆకు మీద ఆరిందంతా దాదాపు నష్టం కిందికే వచ్చింది. అయినా మొత్తం అంకె పగటికంటే పెరగలేదు. ఎందుకంటే పొద్దుగూకితే పల్లి ఆకు ముడుచుకుంటుంది. నాలుగు చిట్టి ఆకులు జతలు జతలుగా దగ్గరికొచ్చి నిలబడతాయి. నీళ్లు నిలిచే చోటే తగ్గిపోతుంది. ఈ సంగతి పెద్దాయనకు చెప్తే, "పొద్దుగూకితే పల్లాకు పండుకుంటది, చిన్నపిల్లగాన్ని అడిగినా చెప్తడు" అన్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు మరి.

పొడి డబ్బాలతో వచ్చిన చిక్కు జనవరి మొదటి వారంలో బయటపడింది. ఆ రోజు గాలి దిక్కు మారింది. పొడి మొక్కలు స్ప్రింక్లర్‌కు గాలివాలున పడ్డాయి. వాటి మీద ఒక్క చినుకు పడలేదు, చేత్తో తడిమి చూశాను. అయినా మోటరు వేసిన పావుగంటకే వాటి బరువు తగ్గడం నెమ్మదించింది. తడి గాలి, చల్లదనం అటు వీస్తోంది కాబట్టి పొడి ఆకు కూడా తక్కువ వదులుతోంది. అంటే స్ప్రింక్లర్ పక్క మడిలో కూడా కొంత నీటిని ఆదా చేస్తోందన్నమాట! థీసిస్‌కు మంచి పేజీ దొరికింది గాని ఆ రోజు పోలికకు పొడి మొక్క లేకుండా పోయింది. తర్వాత పరీక్షలన్నిటికీ ముందు అగ్గిపుల్ల గీసి పొగ ఎటు పోతోందో చూసి మొదలుపెట్టాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. పండగ మర్నాడు పొద్దున్నే పెద్దాయన ఫోన్. అడవి పందులు. చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రుళ్లు కాపలా ఉండే ఊరు. పండగ రాత్రి కాపలా కొంచెం సడలింది. పల్లి కాయ వాసనకు వచ్చిన మంద ఓ మూల మొత్తం తవ్వేసింది. నా తడి డబ్బాల్లో మూడు బోర్లా పడ్డాయి. నా డబ్బాల్లో కాయే లేదన్న సంగతి పందులకు తెలియదు కదా. గుంటలో కాటా మాత్రం బతికింది. ఆయనకు అర ఎకరం దాకా పోయింది. నాకు మూడు డబ్బాలు పోయాయని బాధపడటానికి సిగ్గేసింది, అయినా బస్సులో ఏడ్చాను. మిగిలిన రెండు తడి డబ్బాలతోనే జనవరి చివరి దాకా నడిపాను.

ఫిబ్రవరి రెండో వారంలో పల్లి పీకారు. అప్పటికి ఆకు రాలడం మొదలైంది కాబట్టి నా కొలతలూ ఆగిపోయాయి. డబ్బాల్లోని మొక్కలు కోసి ఆకుల విస్తీర్ణం తీశాను. ఆకులను గ్రాఫు కాగితం మీద పరిచి ఫోటో తీసి లెక్కకట్టడం విసుగు పని, దాని గురించి ఇంతకంటే చెప్పను.

రాయడంలో ఇరుక్కున్నది ఒక్కచోటే. నేను తూచింది మోటరు ఆగిన తర్వాతి ఆవిరిని. మోటరు నడుస్తున్నప్పుడు కాటా మీద నీళ్లు పడుతూనే ఉంటాయి కాబట్టి తూకం పనికిరాదు. ఆ గంటకు లెక్క కట్టడమే దారి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ 1998లో ఇచ్చిన పెన్‌మన్-మాంటీత్ సూత్రం, ఎండ, గాలి, తేమను బట్టి పైరు నుంచి ఎంత నీరు ఆవిరవుతుందో చెప్తుంది. అందులో పొడి గడ్డికి ఉపరితల నిరోధం, అంటే ఆవిరి బయటికి రాకుండా పైరు అడ్డుకునేది, మీటరుకు 70 సెకన్లు అని తీసుకుంటారు. ఆకు పూర్తిగా తడిస్తే ఆ నిరోధం సున్నా. ఒకసారి పొడి పంట నిరోధంతో, ఒకసారి సున్నాతో కట్టి తేడా తీశాను. అలా కట్టిన సున్నా లెక్క, మోటరు ఆగిన మొదటి పది నిమిషాల్లో నా కాటా చూపించిన వేగంతో దగ్గరగానే సరిపోయింది. ఆ గ్రాఫు వచ్చిన రాత్రి మాత్రం నిద్రపట్టలేదు, సంతోషంతో.

జూన్ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నారు: "నడుస్తున్న గంటను తూచలేదు, లెక్క కట్టావు. రెండూ ఒకే పట్టికలో ఎలా కలుపుతావు?" కలపలేదని, రెండు పట్టికలు వేరుగా పెట్టానని చూపించాను. ఇంకో ఇరవై నిమిషాలు పందుల గురించి అడిగారు. దిద్దుబాట్లు ఇచ్చారు, రెండు వారాల్లో పూర్తిచేసి ఇచ్చేశాను.

ఖర్చు సంగతి. నా జేబు నుంచి, స్టైపెండ్ నుంచి కలిపి ముప్పై వేలు దాటింది. అందులో సామాన్లు సగం కూడా కావు. కూలీలు, బస్సులు, ఆటోలే మిగతాదంతా. డబ్బాలు మోయడానికి, స్పాంజి అద్దడానికి ఇద్దరు ఉండి తీరాలి. ఒక్కరితో కాదు, నేను ప్రయత్నించి చూశాను. పంటకు ముందే జూలైలో కాటా కొని, ఖాళీ డబ్బాతో గాలిలో అంకె ఎంత ఎగురుతుందో చూసుకుంటే నవంబరు ఖాళీగా పోదు.

పెద్దాయన ఈ యాసంగికి మోటరు తెల్లవారుజామున నాలుగింటికి వేస్తున్నాడట, గాలి లేవకముందు, ఓల్టేజీ ఉండగా. ఆకు నష్టం గురించి నేను చెప్పిన లెక్కలేవీ ఆయనకు పట్టలేదు. మగ్గుల్లో నీళ్లు పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ పడటం మాత్రం కళ్లారా చూశాడు. కాటా ఇప్పుడు మా జూనియర్ దగ్గర ఉంది. తను ఆముదం మీద చేస్తుందట. అంత పెద్ద ఆకుకు 30 కిలోల కాటా సరిపోతుందా అని నిన్న మెసేజ్ పెట్టింది. డబ్బా కాదు, డ్రమ్ము కావాలి, 100 కిలోల కాటా చూడు అన్నాను. అది గ్రాము చూపించదు, ఐదు గ్రాములు చూపిస్తుంది. డ్రమ్ము వెడల్పు ఎక్కువ కాబట్టి నడుస్తుంది.